గిన్నె అడుగున నాణెం

సాన్ బెనీతో, టెక్సస్
1997 నవంబరు 10

నోయెమీ,

ఫోన్ చేస్తే "ఊఁ", "అవునా", "సరేలే" తప్ప నీ నోట్లోంచి ఇంకో మాట రాదు. అందుకని ఉత్తరం. కాగితం ముందు కూర్చుంటే కాస్తయినా మాట్లాడతావని నాకు నీ చిన్నప్పటినుంచీ తెలుసు.

ముందు మంచి కబురు. మన యూనీస్ వచ్చే ఈస్టర్ వారంలో విద్యార్థుల శిబిరానికి వెళ్తోంది. పదహారేళ్ళు నిండాయిగా, ఇక దాన్ని ఆపేదెవరు? మన సంఘం నుంచి పదకొండు మంది పిల్లలు పేర్లిచ్చారు. ఖర్చుల కోసం ఎప్పటిలాగే శనివారాలు తమాలెలు చేసి అమ్ముతున్నాం. ఏ పిల్ల వెళ్తే ఆ పిల్ల తల్లి చర్చి వంటగదిలోకి రావాలన్నది ఇక్కడి కట్టుబాటు. ఇన్నేళ్ళూ పరీక్ష పేపర్లు దిద్దాలని తప్పించుకున్నదాన్ని, ఈసారి ఏప్రన్ కట్టక తప్పలేదు.

ఓఫెలియా వదిన నన్ను చూసి, "రండి రండి టీచరమ్మా! సుద్దముక్క పట్టిన చేత్తో పిండి పూయడం వచ్చా?" అంది. రాదని రెండు నిమిషాల్లో తేలిపోయింది. నానబెట్టిన మొక్కజొన్న డొప్ప మీద పిండి పల్చగా పూయాలి, నేను గోడకి సున్నం కొట్టినట్టు కొట్టాను. చివరికి నన్ను కూకా పెద్దమ్మ పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ పూస్తుంది, నేను మాంసం కూర పెట్టి మడుస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మ గిన్నె ఎప్పుడైనా ఉడక్కుండా తప్పిందా? పొయ్యిల మీద నాలుగు గిన్నెలు ఎక్కించాం. మూడు గిన్నెలు రెండు గంటల్లో ఉడికాయి. నాలుగోది, నేనూ కూకా పెద్దమ్మా పేర్చింది, ఐదు గంటలు ఆవిరి కక్కుతూనే ఉంది. విప్పితే లోపల పచ్చిపిండి. ఉడకకపోతే ఉడకలేదు, అది కాదు నేను చెప్పేది. చల్లగా ఉంది. పై డొప్ప తగిలి నా వేలు బొబ్బెక్కింది, లోపలి పిండి మాత్రం బావి నీళ్ళలోంచి తీసినట్టుంది.

వంటగదిలో ఎవరి కడుపులోనో కోపం ఉంటే తమాలెలు ఉడకవని మనవాళ్ళ నమ్మకం ఉండనే ఉందిగా. పాస్టర్ గారికి ఈ మాటలు గిట్టవు. అందుకని ఒకావిడ గుమ్మం దగ్గర కాపలా నిలబడింది, మిగతావాళ్ళు గిన్నె చెవులకి డొప్పలతో జడలు కట్టి, దాని చుట్టూ రెండు చుట్లు డాన్సు చేశారు. నేనూ చేశాను. విశ్వవిద్యాలయంలో నాకు పాఠం చెప్పినవాళ్ళు చూస్తే ఏమనుకునేవారో. ఏమీ లాభం లేకపోయింది.

అమ్మ ఏం చేసేదో రాయి. నేను ఆ రోజుల్లో ఆస్టిన్ హాస్టల్లో ఉన్నాను, అమ్మ పక్కన నిలబడింది నువ్వే.

కూకా పెద్దమ్మ నిన్ను అడిగింది. తన కూతురు ఓరాలియా మునిగిపోయిన ఆ శిబిరం కోసమే ఆవిడ ఇరవై నాలుగేళ్ళుగా పిండి పూస్తోంది, ఒక్క శనివారం మానలేదట. అది నాకు కొరుకుడు పడదు. "నోయెమీ పెళ్ళి చేసుకుందా?" అంది. లేదన్నాను. "మా పిల్ల స్నేహితురాలు" అని పక్కవాళ్ళకి చెప్పింది, అక్కడ తెలియనివాళ్ళు ఎవరూ లేకపోయినా.

అక్క,
ఎలోదియా


హాలండ్, మిషిగన్
నవంబరు 24

అక్కా,

నువ్వు డాన్సు చేశావంటే నమ్మలేకపోతున్నాను. ఫోటో ఉంటే పంపు, ఫ్యాక్టరీలో నా లాకరు మీద అంటిస్తాను.

అమ్మ ప్రత్యేకంగా ఏమీ చేసేది కాదు. పిండి ఉండ గ్లాసు నీళ్ళలో వేసి, తేలితేనే పూయనిచ్చేది. గిన్నె అడుగున నీళ్ళలో ఒక నాణెం వేసేది. నీళ్ళు మరుగుతున్నంతసేపూ నాణెం టకటకమని కొట్టుకుంటుంది, నీళ్ళు ఇంకితే ఆగిపోతుంది, మూత తీసి చూడక్కర్లేదు. నాణెం కొట్టుకుంటున్నంతసేపూ వంటగదిలో పోట్లాడుకోకూడదు. అంతే.

ఇక్కడ దోసకాయల ఊరగాయ పని అయిపోయింది, ఇప్పుడు సీసాలు కడిగే పనిలో వేశారు. చేతులు ఎప్పుడూ తడి. మంచు పడటం మొదలైంది.

ఏ శిబిరం అది? కొండల్లో, సరస్సు పక్కన ఉండేదేనా? దాన్ని మూసేశారనుకున్నాను. ఎవరు చూస్తున్నారు ఇప్పుడు? అక్కడ పిల్లల్ని నీళ్ళలోకి దిగనిస్తారా? యూనీస్‌కి ఈత వచ్చా?

నోయెమీ


సాన్ బెనీతో
డిసెంబరు 15

నోయెమీ,

ఒక్కసారే ఇన్ని ప్రశ్నలేమిటే? సరే, వరసగా చెబుతాను. అదే శిబిరం, అదే సరస్సు. మూసెయ్యడమేమిటి, కొత్త భోజనశాల కూడా కట్టారు. యూనీస్‌కి ఈత వచ్చు, వాళ్ళ నాన్న ఇక్కడి కాలవలో నేర్పాడు. శిబిరం బాధ్యత పోయిన వేసవి నుంచి బ్రదర్ ఎసెకియేల్‌ది. నీకు తెలిసే ఉంటాడు, మీ రోజుల్లో యువజన నాయకుడిగా వచ్చేవాడట. పోయిన ఆదివారం మా దగ్గర వాక్యం చెప్పాడు. బాగా చెప్పాడు, కాదనను. బయటికొస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "నోయెమీ అక్క మీరేనా? చాలా మంచి పిల్ల మీ చెల్లెలు. చెప్పిన మాట వినేది" అన్నాడు. మెచ్చుకోలే కదా. ఇంటికొచ్చి సబ్బుతో చెయ్యి కడుక్కున్నాను, ఎందుకో నాకే తెలియలేదు.

నువ్వు చెప్పినట్టే నాణెం వేశాను. పిండి ఉండ తేలింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండో శనివారం మా గిన్నె పచ్చిది. మూడో శనివారమూ అంతే.

మొన్నటి శనివారం ఓఫెలియా వదిన గరిటె బల్లమీద కొట్టి, "ఇవాళ ఇది ఎవరి కోపమో తేలాలి" అంది.

"మా ఆయన మీద కోపం నాకు పెళ్ళైన దగ్గర్నుంచీ ఉంది. అయినా ఉడికి చచ్చాయిగా ఇన్నేళ్ళూ!" అంది ఒకావిడ.

అందరం నవ్వాం. నవ్వు ఆగిపోయాక ఎవరూ చెప్పకుండానే అందరి చూపులూ ఒక్క వైపే తిరిగాయి. కూకా పెద్దమ్మ తల ఎత్తలేదు, పూస్తూనే ఉంది.

"పెద్దమ్మా, తప్పుగా అనుకోకండి" అంది ఓఫెలియా వదిన, గొంతు తగ్గించి. "ఎసెకియేల్ బ్రదర్‌ని చూశాక మీకు పాత సంగతులు గుర్తొచ్చి ఉంటాయి. కొంచెంసేపు బయట నీడలో కూర్చుంటారా?"

"కోపమా? నాకా?" అంది పెద్దమ్మ. "కోపముంటే ఇన్నేళ్ళు వస్తానా తల్లీ? మా పిల్ల అక్కడే ఉండిపోయింది కదా. దానికి అక్కడ తిండి పోతూ ఉండాలని చేస్తున్నాను."

ఆవిడ ఏప్రన్ విప్పి నాలుగు మడతలు పెట్టి, నా చేతికిచ్చి, వెళ్ళి బయట నారింజ చెట్టు కింద బెంచీ మీద కూర్చుంది. నేను అడ్డుపడలేదు. అడ్డుపడాల్సింది.

ఆ తర్వాత జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది, నమ్మవని. మధ్యాహ్నం పన్నెండు దాటింది, కిటికీలోంచి ఎండ గిన్నె మీద పడుతోంది. గ్యాసు అయిపోయి మంట ఆరింది. కొత్త సిలిండరు తేవడానికి వెళ్ళినవాళ్ళు గంటన్నరకి గానీ రాలేదు. ఆ గంటన్నరలో గిన్నె చల్లారిపోయింది, మూత మీద నేను చెయ్యి పెట్టి చూశాను. లోపల నాణెం కొట్టుకుంటూనే ఉంది. మరిగే నీళ్ళలో కొట్టుకునేట్టు గబగబా కాదు. మూడు సార్లు. ఆగి, మళ్ళీ మూడు సార్లు. తొమ్మిదిమంది ఆడవాళ్ళం విన్నాం. చల్లారుతున్న లోహం ముడుచుకుంటూ చప్పుడు చేస్తుందని నేను అందరికీ పాఠం చెప్పాను. నా మాట నాకే నచ్చలేదు.

అప్పుడు బయటినుంచి కూకా పెద్దమ్మ అంది: "ఎవరో తడుతున్నారమ్మా. తియ్యండి."

కొత్త సిలిండరు పెట్టి మళ్ళీ ఉడికించాం. ఆవిడ లేకుండా. పచ్చిదే, చల్లగా.

నేను ఆవిడ గురించి అంత రాస్తే నీ జవాబులో ఆవిడ పేరు కూడా లేదేం?

ఎలోదియా


హాలండ్
1998 జనవరి 6

అక్కా,

యూనీస్‌ని పంపకు.

సరస్సు లోతైనది, అడుగున ఊటలున్నాయి, ఏప్రిల్‌లో కూడా నీళ్ళు చాలా చల్లగా ఉంటాయి. ఏదో ఒకటి చెప్పి ఆపు. ఒంట్లో బాగాలేదను. వచ్చే ఏడు పంపుతానను. నేను దానికి ఇక్కడికి టిక్కెట్టు కొంటాను, నా దగ్గర రెండు వారాలు ఉంటుంది, మంచులో ఆడుకుంటుంది.

కూకా పెద్దమ్మని మళ్ళీ బయటికి పంపకండి. కోపం ఆవిడది కాదు.

ఇంతకంటే రాయలేను. నాలుగుసార్లు రాసి చింపాను. ఈ ఊళ్ళో కూడా పెద్ద సరస్సు ఉంది, మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. నీ ఉత్తరం చదివిన సాయంత్రం పొయ్యి మీద బంగాళాదుంపలు పెట్టాను. గిన్నెలో ఏదో కొట్టుకోవడం మొదలైంది. నేను నాణెం వేయలేదు, అక్కా. వేయలేదు.

నోయెమీ


సాన్ బెనీతో
జనవరి 26

నోయెమీ,

"ఏదో ఒకటి చెప్పి ఆపు" అన్నావు. నీ కూతురు లాంటిదేగా, నువ్వే చెప్పి చూడు దానికి. నేను చెప్పాను. "అమ్మా, నువ్వు దేన్నైనా సరే ముందు అనుమానించి తర్వాత ప్రేమిస్తావు. నాన్ననైనా అంతే, దేవుణ్ణైనా అంతే. నన్నొదిలెయ్యి" అంది. దాని స్నేహితురాళ్ళంతా వెళ్తున్నారు. పాటల బృందంలో దాన్ని ముందు వరసలో నిలబెడతారట, ఎసెకియేల్ బ్రదర్ స్వయంగా ఎంపిక చేశాడట. నీళ్ళు చల్లగా ఉంటాయని ఆపమంటావా?

నువ్వు రాయలేనన్నావు. అయితే నేను రాస్తాను, నాకు తెలిసినంతవరకు.

1973 ఈస్టర్‌కి నేను ఆస్టిన్ నుంచి ఇంటికొచ్చాను. శిబిరం మధ్యలో ఆపేసి మిమ్మల్ని బస్సులో తెచ్చి దింపారు. ఓరాలియా మౌనప్రార్థన వేళ ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా సరస్సు దగ్గరికి వెళ్ళిందని, నువ్వు గదిలో బైబిలు చదువుకుంటూ కిటికీలోంచి దాన్ని వెళ్తుండగా చూశావని, అదే నీ సాక్ష్యమని అన్నారు. నువ్వు పడుకున్నావు. నీ పెట్టె నేను విప్పాను, ఉతకాల్సినవి తీద్దామని. అడుగున, తువ్వాలులో చుట్టి, నీ నీలం గౌను ఉంది. తడిగా. బురద వాసన. గౌనుతోనే నీళ్ళలో దిగినదానిలా ఉంది. నేను దాన్ని పట్టుకుని నిలబడి ఉండగా అమ్మ గదిలోకి వచ్చింది. నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు ఏమీ చూడలేదు" అంది. పెరట్లో చెత్తతోపాటు కాల్చేసింది. తడిది కదా, చాలాసేపు పొగ వచ్చింది.

నేను ఏమీ చూడలేదు. రెండు రోజుల తర్వాత బస్సెక్కి వెళ్ళి పరీక్ష రాశాను, మంచి మార్కులు కూడా వచ్చాయి. నువ్వు పద్దెనిమిదేళ్ళకే ఇల్లు వదిలి పొలం పనులవాళ్ళతో ఉత్తరానికి వెళ్ళిపోతే, అమ్మ ఎందుకు ఆపలేదని అడగలేదు. నాలుగేళ్ళ కిందట అమ్మ పోయినప్పుడు నువ్వు రాకపోతే, నీకు గుండె లేదని చుట్టాలతోపాటు నేనూ అన్నాను.

పోయిన శనివారం వంటగదిలో నన్ను గిన్నె దగ్గర వదిలి మిగతావాళ్ళు సరుకు దింపడానికి వెళ్ళారు. ఓఫెలియా వదిన నాయనమ్మ చెప్పేదట, కోపం ఎవరిదో వాళ్ళు మూత మీద అరచెయ్యి ఆనించి, ఎవరి మీదో పేరు చెప్పాలని. ఎవరూ లేరు కదా అని పెట్టాను. మూత అంచు చుట్టూ ఆవిరి బుసకొడుతోంది, అరచేతి కింద రేకు మంచులా ఉంది. నీ పేరు చెప్పాను. నాణెం కొట్టుకోవడం ఆగలేదు. అమ్మ పేరు చెప్పాను. ఆగలేదు. నా పేరు చెప్పేసరికి ఆగింది.

యాదృచ్ఛికం కావచ్చు. నీళ్ళు ఇంకి ఉండవచ్చు. మూత తీసి చూసే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

ఇంతకు ముందెప్పుడూ తప్పని గిన్నెలు నేను ఆ వంటగదిలో అడుగుపెట్టాకే తప్పాయి. అందరం కలిసి ఒక ముసలితల్లిని బయటికి గెంటాం. యూనీస్ పేరు ఇంకా జాబితాలో ఉంది. రాయి. చింపకుండా రాయి. నువ్వు ఏం చేసినా నా చెల్లెలివే, కానీ తెలియకుండా నా పిల్లని అక్కడికి పంపలేను, తెలియకుండా ఆపనూ లేను.

అక్క


హాలండ్
ఫిబ్రవరి 20

అక్కా,

ఆ గౌను నువ్వు చూశావని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. తెలిసుంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు.

మౌనప్రార్థన గంట అందరూ తలో చోటా ఒంటరిగా గడపాలి. ఎసెకియేల్ మా ఇద్దర్నీ రేకు పడవలో తీసుకెళ్ళాడు. వాడికి పంతొమ్మిదేళ్ళు, మాకు పదహారు. తీసుకెళ్ళడం తప్పని ముగ్గురికీ తెలుసు, అందుకే సరదాగా ఉంది. మునగకుండా నడుముకి కట్టుకునేవి ఏవీ లేవు. రెల్లు దుబ్బులు దాటాక నన్ను భయపెట్టాలని వాడు నిలబడి పడవని ఊపాడు. ఓరాలియా, "ఒరేయ్ పిచ్చోడా, కూర్చోరా!" అంటూ నవ్వుతోంది. అది నవ్వుతుండగానే బోల్తా పడింది.

నేను వాడి మెడ పట్టుకున్నాను. వాడు నన్ను ఒడ్డుకి చేర్చాడు. తిరిగి చూస్తే పడవ వీపు పైకి పెట్టి తేలుతోంది, ఓరాలియా లేదు. వాడు ఏడ్చాడు. అది ముందు చెబుతున్నాను, వాణ్ణి రాక్షసుణ్ణి చేసి నేను తప్పించుకోకూడదని. చాలాసేపు ఏడ్చాడు.

వాడు ఏడుస్తుండగానే వినబడింది. పడవ లోపలినుంచి, రేకు మీద. మూడు సార్లు. ఆగి, మళ్ళీ మూడు సార్లు.

పడవ కింద గాలి ఉండిపోయి ఉంటుంది. దానికి ఈత రాదు, బల్ల పట్టుకుని ఉండి ఉంటుంది.

"తెడ్డు. అల తగిలి తెడ్డు కొట్టుకుంటోంది" అన్నాడు.

"కాదు" అన్నాను.

"తెడ్డే. నేను మళ్ళీ అంతదూరం ఈదలేను, చస్తాను. ఎవరినైనా పిలిస్తే మనం పడవ తీశామని తెలుస్తుంది. శిబిరం మూసేస్తారు. మీ అమ్మలు ఎన్నేళ్ళు తమాలెలు ఉడికించి కట్టించారు దీన్ని? నీ మూలంగా మూసేశారంటారు. అది పోయింది నోయెమీ. అది తెడ్డు."

నేను తెడ్డని నమ్మలేదు. నమ్మినట్టు తల ఊపాను. వెళ్ళి గౌను మార్చుకున్నాను. సాయంత్రం అందరూ వెతుకుతుంటే వాడొక్కడే ఆ వైపు వెళ్ళి, రెల్లులోకి కొట్టుకొచ్చిన పడవని తిప్పి, ఒడ్డుకి లాగి కట్టేశాడు. ఓరాలియా తెల్లారి రెల్లులో దొరికింది.

అమ్మకి ఇంట్లో అడుగుపెట్టిన రోజే చెప్పాను. "ఓరాలియా ఎలాగూ రాదు. నువ్వు ఉండాలి" అంది. అమ్మని తిట్టకు. నేను తిట్టాను, ఏమీ రాలేదు.

ఇప్పుడు యూనీస్‌ని పంపాలో వద్దో నీకు తెలుసు. మిగతా పది మందీ ఎవరో ఒకరి పిల్లలే. ఈ ఉత్తరం ఏం చేస్తావో నీ ఇష్టం.

నోయెమీ


సాన్ బెనీతో
మార్చి 19

నోయెమీ,

మూడు వారాలు నీ ఉత్తరం నా పాఠాల పుస్తకంలోనే ఉంది. రోజూ ఒక కారణం దొరికేది. డెబ్బై ఆరేళ్ళ పెద్దమ్మ తట్టుకోగలదా? ఇన్నేళ్ళకి ఒక రకమైన శాంతి దొరికిందేమో, దాన్ని చెరపడానికి నేనెవర్ని? ఇవన్నీ మంచి ప్రశ్నలే. అమ్మ కూడా ఇలాంటి మంచి ప్రశ్నలే వేసుకుని ఉంటుందని ఒక ఉదయం పళ్ళు తోముకుంటుంటే తట్టింది.

శనివారం వెళ్ళి కూకా పెద్దమ్మని ఇంటినుంచి తీసుకొచ్చాను. ఆవిడ ఏప్రన్ నేనే కట్టాను. ఆవిడకి చదువు రాదు. ఇది ఆవిడకి ఒంటరిగా ఇంట్లో చదివి వినిపించాలా, అందరి ముందా అని అడిగాను. "నన్ను అందరి ముందేగా పంపించారు" అంది.

చదివాను. పిండి చేతులతో ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. 'రేకు మీద, మూడు సార్లు' దగ్గర ఆగి, కాగితం దించాను. ఓఫెలియా వదిన ముఖం గోడవైపు తిప్పుకుని, "ఆగకండి టీచరమ్మా. చదవండి" అంది. చివరిదాకా చదివాను. గుమ్మంలో యూనీస్ నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో చూడలేదు.

కూకా పెద్దమ్మ ఏడవలేదు. నిన్ను తిట్టలేదు, వాణ్ణి తిట్టలేదు. మడిచిన డొప్పని చేతిలో అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టింది. తర్వాత నన్ను ఒకే ఒక్క మాట అడిగింది.

"ఎంతసేపు?"

నాకు అర్థం కానట్టు చూశాను. నిజానికి అర్థమైంది.

"ఎంతసేపు తట్టింది మా పిల్ల?"

ఉత్తరంలో లేదని చెప్పాను. "అయితే నోయెమీని అడుగు" అంది.

ఆ రోజు గిన్నెలు ఎవరు దింపారో, అవి ఉడికాయో లేదో నాకు గుర్తులేదు. నువ్వూ అడగకు.

మన పదకొండు మంది పేర్లూ ఓఫెలియా వదిన స్వయంగా కొట్టేసింది. యూనీస్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత వచ్చి నా మంచం మీద పడుకుంది. కానీ కథ అంతటితో అవలేదు. పాస్టర్ గారు ఎసెకియేల్‌కి ఫోన్ చేశారు. వాడు ఏమాత్రం తడబడలేదట. "పాపం, ఒంటరి జీవితం, మతి చలించినట్టుంది. నోయెమీ కోసం ప్రార్థన చేస్తాను" అన్నాడట. శిబిరం కమిటీవాళ్ళు, ఒక ఉత్తరం పట్టుకుని మనిషి పరువు తీయలేమన్నారు. ఏప్రిల్ ఆరు, సోమవారం, మిగతా సంఘాల పిల్లలు నూట ఇరవై మంది అక్కడికి వెళ్తున్నారు. పడవలు కొత్తవి కొన్నారట.

నేను నిన్ను రమ్మని అడగను. పెద్దమ్మ అడిగినదానికి జవాబు మాత్రం రాయి.

అక్క


హాలండ్
మార్చి 25

కూకా పెద్దమ్మకి,

ఇది మా అక్క మీకు చదివి వినిపిస్తుంది. అక్కా, మధ్యలో ఆగకు. మెత్తటి మాటలు కలపకు.

మీరు ఎంతసేపని అడిగారు. పడవ బోల్తా పడేసరికి మౌనప్రార్థన సగం అయింది. మేము ఒడ్డున కూర్చున్నంతసేపూ తట్టింది. నేను గదికి వెళ్ళి గౌను మార్చుకుంటుంటే కిటికీలోంచి వినబడింది. గంట కొట్టారు, అందరం ప్రార్థనశాలలోకి వెళ్ళాం. శాల కిటికీలు సరస్సువైపు తెరిచి ఉన్నాయి. నేనొక్కదాన్నే కాదు, అందరూ విన్నారు. ముందు వరసలో ఒకావిడ, "ఎవరో ఏదో మరమ్మతు చేసుకుంటున్నట్టున్నారు" అని కిటికీ మూసింది. పాట మొదలుపెట్టారు. నాలుగు చరణాల పాట. మూసిన కిటికీలోంచి కూడా నాకు వినబడుతూనే ఉంది. రెండో చరణానికి నెమ్మదించింది. మూడో చరణంలో రెండు సార్లే. నాలుగో చరణంలో లేదు.

అన్నీ కలిపితే ముప్పావుగంట ఉంటుంది, పెద్దమ్మా. ఆ ముప్పావుగంటలో ఏ నిమిషంలోనైనా నేను నోరు తెరవొచ్చు. నా చుట్టూ అరవై మంది ఉన్నారు, సగంమందికి ఈత వచ్చు.

అక్కకి రాయనిది ఇంకొకటుంది. అమ్మకీ చెప్పలేదు, ప్రార్థనలో దేవుడికి కూడా చెప్పలేదు. తట్టడం ఆగిపోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. నాలుగో చరణం నేను అందరికంటే గట్టిగా పాడాను.

ఏప్రిల్ నాలుగు, శనివారం, మధ్యాహ్నం బస్సులో వస్తున్నాను. ఆదివారం సంఘం ముందు, వాడి ముందు, షెరీఫు ముందు ఇదంతా చెబుతాను. సోమవారం ఆ పిల్లల బస్సులు కదలకముందే. మతి లేనిదన్నా సరే, అన్న తర్వాత మళ్ళీ చెబుతాను. కానీ మొదట మీ ఇంటికి వస్తాను. మీ వాకిలి మెట్టు మీద కూర్చుంటాను. లోపలికి రమ్మంటారో, అక్కడే ఉండమంటారో, వెళ్ళిపొమ్మంటారో మీ ఇష్టం. ఏదైనా మీ నోటితో నాకు చెప్పండి.

నోయెమీ